అమ్మానాన్నలతో ఎల్లోస్టోన్‌కు ఆర్వీలో: పార్కు లోపల బస మంచిదా, బయట మంచిదా?

పెన్నాతీరం (ఫ్రిస్కో, టెక్సస్)

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే వేసవిలో నెల్లూరు నుంచి మా అమ్మానాన్నలు వస్తున్నారు. జులై రెండో వారంలో వారిని, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని గ్రాండ్ టీటాన్, ఎల్లోస్టోన్ జాతీయ పార్కులు చూసి రావాలని మా ఆలోచన. సాల్ట్ లేక్ సిటీ దాకా విమానంలో వెళ్లి, అక్కడ ఆరుగురు పడుకోవడానికి వీలున్న క్లాస్ సీ ఆర్వీని (మంచాలు, వంటగది, మరుగుదొడ్డి అమర్చిన మధ్యరకం సైజు బండి) అద్దెకు తీసుకుందామనుకుంటున్నాము. బండి సంగతి ఎలాగో తేల్చుకోగలం గాని, రాత్రి బస దగ్గరే అంతా అయోమయంగా ఉంది. జాతీయ పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండ్లే మేలని కొందరు, ఊరి అంచున ఉండే ప్రైవేటు ఆర్వీ పార్కులే సుఖమని కొందరు, అసలు డబ్బే కట్టకుండా ప్రభుత్వ అడవి భూముల్లో ఆగవచ్చునని మరికొందరు చెబుతున్నారు.

మా ఇంటి పరిస్థితి కూడా చెబుతాను. నాన్నగారికి నిద్రలో ఊపిరి ఆగే ఇబ్బంది ఉన్నందువల్ల రాత్రంతా సీపాప్ యంత్రం పెట్టుకోవాలి. అమ్మ బయటి తిండి ముట్టదు కనుక రెండు పూటలా అన్నం, పప్పు, చారు బండిలోనే వండుకోవలసి ఉంటుంది. ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకొని ఎక్కడ బస చేయమంటారో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నల్లమల (శాక్రమెంటో)

పెన్నాతీరం గారూ, లోపలా బయటా అన్న ప్రశ్న తరువాత చూద్దాం. ఆర్వీకి ప్రతి రాత్రీ కావలసినవి మూడు: కరెంటు, మంచినీళ్లు, మురుగు పోయే దారి. ఈ మూడూ మీ స్థలం దగ్గరే తగిలించుకునే వీలుంటే దాన్ని ఫుల్ హుకప్ అంటారు. కొన్నిచోట్ల కరెంటు, నీళ్లు మాత్రమే ఉంటాయి. మిగిలిన చోట్ల చదును చేసిన నేల, ఒక బల్ల, నెగడు వేసుకోవడానికి ఇనుప వలయం తప్ప మరేమీ ఉండదు. దానిని డ్రై క్యాంపింగ్ అంటారు. ప్రైవేటు పార్కుల్లో ఫుల్ హుకప్ సర్వసాధారణం. జాతీయ పార్కుల్లో అది అరుదు. మా దగ్గరున్న యోసెమిటీ మొత్తం వెతికినా ఒక్క క్యాంప్‌గ్రౌండ్‌లోనూ హుకప్ దొరకదు.

ఎల్లోస్టోన్ లోపల ఫుల్ హుకప్ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కు ఒక్కటే. అది ఎల్లోస్టోన్ సరస్సు ఒడ్డుకు దగ్గరలో, గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతంలో ఉన్నందువల్ల గట్టి గోడలున్న బండ్లనే లోపలికి రానిస్తారు. గుడారాలకు, గుడ్డ గోడలు పైకి లేపే ట్రైలర్లకు అక్కడ అనుమతి లేదు. క్లాస్ సీకి ఏ అడ్డూ ఉండదు. గ్రాండ్ టీటాన్‌లో కోల్టర్ బే దగ్గర ఒక ఆర్వీ పార్కు, రెండు జాతీయ పార్కులను కలిపే దారిలో ఫ్లాగ్ రాంచ్ వద్ద హెడ్‌వాటర్స్ అనే మరొకటి ఉన్నాయి. ఆ రెండు చోట్లా ఫుల్ హుకప్ దొరుకుతుంది.

ఎల్లోస్టోన్‌ను ఒకే చోట మకాం పెట్టి చూడాలనుకుంటే రోజంతా స్టీరింగు దగ్గరే గడిచిపోతుంది. లోపలి రోడ్లపై వేగ పరిమితి సాధారణంగా గంటకు 45 మైళ్లు, దానికి తోడు అడవిదున్నల మంద రోడ్డెక్కితే అవి దిగేదాకా ఎవరూ కదలరు. ఫిషింగ్ బ్రిడ్జ్ నుంచి క్యాన్యన్ విలేజ్‌కు 16 మైళ్లే గాని, వేడినీరు ఎగజిమ్మే గీజర్ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కు 40 మైళ్లకు కొంచెం తక్కువ. పడమటి ద్వారం బయట ఉన్న వెస్ట్ ఎల్లోస్టోన్ ఊరి నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ 30 మైళ్లు. అందువల్ల టీటాన్‌కు కోల్టర్ బే, సరస్సు వైపు, క్యాన్యన్ వైపు చూడడానికి ఫిషింగ్ బ్రిడ్జ్, వేడినీటి బుగ్గలు చూడడానికి వెస్ట్ ఎల్లోస్టోన్‌లోని ప్రైవేటు పార్కు అని మూడు మజిలీలు పెట్టుకోండి. లోపల రెండు, బయట ఒకటి అన్నమాట.

ఫిషింగ్ బ్రిడ్జ్‌ను పార్కులోని వసతి గృహాలు నడిపే సంస్థ వెబ్‌సైటులో బుక్ చేసుకోవాలి. ఏడాది ముందే తలుపులు తెరుచుకుంటాయి కనుక మీరు ఇప్పుడే చూడడం మంచిది. ప్రభుత్వ రిజర్వేషన్ సైటులో ఉండే క్యాంప్‌గ్రౌండ్లలో చాలా వాటికి ఆరు నెలల ముందు, తూర్పు కాలమానం ప్రకారం ఉదయం 10 గంటలకు మొదలవుతుంది. ఎవరైనా రద్దు చేసుకున్న చోటు మధ్యలో ప్రత్యక్షమవుతూ ఉంటుంది గాని, పెద్దవాళ్లను వెంటబెట్టుకొని దాని మీద ఆధారపడవద్దు.

కృష్ణలంక (ఎడిసన్, న్యూజెర్సీ)

నేను ఎదురు చెబుతున్నానని అనుకోకపోతే ఒక మాట. అసలు ఆర్వీ ఎందుకు? అద్దె ఒకటే కాదు, చాలా సంస్థలు మైలుకు ఇంత అని వేరుగా వసూలు చేస్తాయి, జనరేటర్ నడిపిన గంటలకు కూడా లెక్క కడతాయి. సాల్ట్ లేక్ నుంచి టీటాన్ మీదుగా ఎల్లోస్టోన్ తిరిగి వెనక్కి వచ్చేసరికి తక్కువలో తక్కువ 900 మైళ్లు అవుతుంది. క్లాస్ సీ బండి గ్యాలన్‌కు ఎనిమిది నుంచి పది మైళ్లకు మించి ఇవ్వదు కనుక వంద గ్యాలన్ల పెట్రోలు ఖాయం. ఆపైన ప్రతి రాత్రీ ఆర్వీ పార్కుకు కట్టే అద్దె ఉండనే ఉంది. మన సొంత కారు బీమా, క్రెడిట్ కార్డు బీమా చాలా సందర్భాల్లో అద్దె ఆర్వీకి వర్తించవు. దానికి మళ్లీ ఖర్చు. ఇదంతా కూడితే మినీవ్యాను, వంటగది ఉన్న గది కన్నా చవక అవుతుందని నేను నమ్మను.

వంట కోసమే అయితే క్యాబిన్లు చూడండి. కేవోఏ అనే క్యాంప్‌గ్రౌండ్ల గొలుసు 1962లో మోంటానాలోని బిల్లింగ్స్‌లో, ఎల్లోస్టోన్ నది ఒడ్డునే మొదలైంది. ఇప్పుడు ఆ ప్రాంతంలో చాలా చోట్ల ఉంది. వాటిలో స్నానాల గది, చిన్న వంటగది కలిగిన క్యాబిన్లు కూడా దొరుకుతాయి. మరీ సాదా క్యాబిన్లలో మంచాలు, కరెంటు తప్ప నీటి వసతి ఉండదు కాబట్టి బుక్ చేసే ముందు ఏ రకమో చూసుకోవాలి. నాన్నగారి యంత్రానికి గోడకే ప్లగ్గు ఉంటుంది. ముప్పై అడుగుల బండిని వెనక్కి నడిపించే బాధా ఉండదు.

ఓరుగల్లు (బాతెల్, వాషింగ్టన్)

కృష్ణలంక గారి లెక్క తప్పని అనను. చవక అనుకొని ఆర్వీ ఎక్కేవారికి బిల్లు చూశాక కళ్లు తిరుగుతాయి. కాని పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు డబ్బు లెక్కలోకి రాని సంగతి ఒకటుంది. డెబ్భై ఏళ్ల మనిషికి దారిలో గంటకోసారి మరుగుదొడ్డి కావలసి వస్తే, హేడెన్ లోయలో అడవిదున్నల వెనుక గంటన్నరసేపు బండ్లు ఆగిపోయినప్పుడు, మినీవ్యాన్‌లో ఏం చేస్తారు? మా అత్తగారు ఆ ఒక్క కారణం చేతనే దారి పొడవునా నిశ్చింతగా నీళ్లు తాగారు. కారు ప్రయాణాల్లో ఆవిడ పొద్దుటి నుంచీ గొంతు తడుపుకోకుండా కూర్చునేవారు. మధ్యాహ్నం మందులు వేసుకొని కాసేపు నడుం వాల్చడానికి మంచం ఉండడం, వేడి అన్నం ఉండడం తరువాతి సంగతులు.

అయితే పెన్నాతీరం గారూ, ఆర్వీనే కారులా వాడుకోవలసి వస్తుందని గుర్తుపెట్టుకోండి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర పెద్ద బండ్లకు చోటుంది గాని, గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగురంగుల వేడినీటి బుగ్గ ఉన్న మిడ్‌వే గీజర్ బేసిన్ పార్కింగ్ చాలా చిన్నది. ఉదయం తొమ్మిదికి ముందే అక్కడ ఉండకపోతే రోడ్డు మీద చక్కర్లు కొట్టడమే మిగులుతుంది. మీ ఇద్దరికీ డ్రైవింగ్ వస్తే సాల్ట్ లేక్‌లోనే ఒక చిన్న కారు కూడా తీసుకొని, ఆర్వీని స్థలంలోనే వదిలి తిరగడం గురించి ఆలోచించండి. ఖర్చు పెరుగుతుంది, కాదనను.

మొదటి రోజు గురించి కూడా చెప్పాలి. అద్దె సంస్థలు బండిని సాధారణంగా మధ్యాహ్నం అప్పగిస్తాయి. అది చూపించి, ఇది చూపించి, సరుకులు కొనుక్కొనేసరికి సాయంత్రమవుతుంది. ఆ రాత్రే టీటాన్ చేరాలనుకోవద్దు. ఊరు దాటి గంటా రెండు గంటల దూరంలో ఏదో ఒక ప్రైవేటు ఆర్వీ పార్కులో, వెలుతురు ఉండగానే దిగండి. బేర్ లేక్ ఒడ్డున గార్డెన్ సిటీలో అలాంటివి ఉన్నాయి, దారి కూడా అందంగా ఉంటుంది. వెనక్కి నడపనక్కరలేకుండా ఒక వైపు నుంచి ఎక్కి మరో వైపు దిగిపోయే పుల్ త్రూ స్థలం కావాలని అడగండి. తీగలు, గొట్టాలు తగిలించడం ఆ సాయంత్రమే నేర్చుకుంటే తరువాత ఎలుగుబంట్ల అడవిలో టార్చిలైటు పట్టుకొని నేర్చుకోవలసిన పని ఉండదు.

పెన్నాతీరం

అందరికీ కృతజ్ఞతలు. కృష్ణలంక గారి మాటలు మా ఆవిడకు చాలా నచ్చాయి, ఓరుగల్లు గారి మాటలు మా నాన్నగారికి నచ్చాయి. ప్రస్తుతానికి నాన్నగారి పక్షమే గెలిచింది. రెండు సందేహాలు. ఆర్వీ పార్కుల పేజీల్లో 30 ఆంప్స్, 50 ఆంప్స్ అని రాస్తున్నారు. మాకు ఏది కావాలి? ఒకవేళ ఫిషింగ్ బ్రిడ్జ్ దొరకక హుకప్ లేని మ్యాడిసన్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఒకటి రెండు రాత్రులు ఉండవలసి వస్తే సీపాప్ యంత్రం బ్యాటరీ మీద నడుస్తుందా?

నల్లమల

అద్దెకు దొరికే క్లాస్ సీ బండ్లలో ఎక్కువ భాగం 30 ఆంప్స్‌వే. మూడు పళ్ల ప్లగ్గు ఉంటుంది. అమెరికా కరెంటు 120 వోల్టులు కనుక 30 ఆంప్స్ అంటే మొత్తం 3,600 వాట్లు. నాలుగు పళ్ల 50 ఆంప్స్ ప్లగ్గులో 120 వోల్టుల తీగలు రెండుంటాయి కాబట్టి అది 12,000 వాట్లు ఇస్తుంది. రెండు మూడు ఏసీలున్న పెద్ద బండ్లకు అది కావాలి. మీకు 30 సరిపోతుంది, కాని ఇంట్లో మాదిరిగా అన్నీ ఒకేసారి వేయడం కుదరదు. ఏసీ దాదాపు 1,500 వాట్లు, మైక్రోవేవ్ కూడా దాదాపు అంతే, ఇండక్షన్ పొయ్యి 1,800 దాకా, ఇన్‌స్టంట్ పాట్ 1,000 లాగుతాయి. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ మీద పప్పు పెట్టి, పిల్లవాడు మైక్రోవేవ్ నొక్కాడంటే బ్రేకర్ పడిపోతుంది. జులైలో సాల్ట్ లేక్ దగ్గర ఏసీ లేనిదే ఉండలేరు; కొండల్లోకి వెళ్లాక దాని అవసరమే ఉండదు కనుక ఈ పేచీ మొదటి రాత్రికే పరిమితం.

స్థలం పక్కనే ఒక చిన్న స్తంభం, దానికి మూత ఉన్న పెట్టె ఉంటుంది. మూత ఎత్తి, ముందు బ్రేకర్ ఆపి, ప్లగ్గు గట్టిగా లోపలికి నొక్కి, ఆ తరువాతే బ్రేకర్ వేయాలి. బ్రేకర్ ఆన్‌లో ఉండగానే గుచ్చితే నిప్పురవ్వలు లేస్తాయి. ఆ పళ్లు నల్లబడి ఉన్న స్తంభాలు కనబడితే ఎన్నిసార్లు అలా జరిగిందో అర్థమవుతుంది. పళ్లు కాలి, సాకెట్టు వదులైపోయి ఉంటే మొహమాటపడకుండా ఆఫీసుకు వెళ్లి వేరే స్థలం అడగండి. నాన్నగారి యంత్రం ఉంది కాబట్టి కరెంటు ఒక్కసారిగా ఎగసినా కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ ఒకటి స్తంభానికీ మీ తీగకూ మధ్య పెట్టుకుంటే మంచిది.

ఇక మ్యాడిసన్ సంగతి. బండిలోని సాధారణ లెడ్ బ్యాటరీ సుమారు 100 ఆంపియర్ అవర్లది ఉందనుకుందాం. దాన్ని సగానికి మించి ఖాళీ చేయకూడదు కనుక మీ చేతిలో ఉన్నది 50 మాత్రమే. నీటిని వేడిచేసే భాగం ఆపి, 12 వోల్టుల అడాప్టర్ మీద నడిపితే సీపాప్ రాత్రికి ఇరవై ఇరవై అయిదు తీసుకుంటుంది. అది సులభంగానే సరిపోయేది, హీటర్ లేకపోతే. ఆ ఎత్తులో జులైలో కూడా తెల్లవారుజామున నాలుగైదు డిగ్రీల సెల్సియస్‌కు దిగుతుంది. హీటర్ ప్రొపేన్ మీదే నడిచినా, గాలి తోసే ఫ్యాను బ్యాటరీనే తింటుంది. అది తిరిగినంతసేపూ గంటకు ఏడెనిమిది ఆంప్స్. రెండూ కలిస్తే తెల్లవారేసరికి బ్యాటరీ నీరసపడుతుంది. ఎల్లోస్టోన్‌లో జనరేటర్లకు అనుమతి ఉన్న క్యాంప్‌గ్రౌండ్లలో కూడా ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే నడపవచ్చు కాబట్టి అర్ధరాత్రి దాన్ని ఆశ్రయించలేరు. ఒక రాత్రి గడవాలంటే పగలు జనరేటర్ నడిపి బ్యాటరీ నింపుకోవడం, సీపాప్‌కు విడిగా చేత్తో మోసుకెళ్లే పెద్ద బ్యాటరీ, అంటే ఒక పోర్టబుల్ పవర్ స్టేషన్ పెట్టుకోవడం దారి. లిథియం బ్యాటరీ ఉన్న పవర్ స్టేషన్‌ను విమానంలో తెచ్చుకోవడానికి పరిమితులున్నాయి కనుక సాల్ట్ లేక్‌లోనే చూసుకోవాలి. నన్నడిగితే ఆ రాత్రులకు కూడా హుకప్ ఉన్న చోటే వెతకమంటాను.

గోదారిగట్టు (హ్యూస్టన్)

కరెంటు గురించి నల్లమల గారు చెప్పాక చెప్పడానికేమీ మిగలదు. ఎవరూ ముట్టుకోని మురుగు సంగతి నేను ముట్టుకుంటాను.

బండి కింద మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్లది. సింకు, స్నానం నీళ్లు చేరేది గ్రే ట్యాంకు. మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంకు. మీరు చెప్పిన సైజు బండిలో ఒక్కొక్కటి ముప్పై, నలభై గ్యాలన్ల చొప్పున ఉంటుంది. ఆరుగురు ఉంటే, చేతికి అడ్డూ ఆపూ లేకపోతే, రెండు రోజుల్లో గ్రే ట్యాంకు నిండి స్నానాల గది నేలలోని కంత నుంచి నీళ్లు పైకి తన్నుతాయి. ఫుల్ హుకప్ ఉన్న చోట చాలామంది చేసే పని, రెండు ట్యాంకుల కవాటాలూ తెరిచి వదిలేయడం. గ్రే తెరిచి ఉంచినా ఫరవాలేదు. బ్లాక్ మాత్రం మూసే ఉంచి, మూడు వంతుల పైన నిండాకనే వదలాలి. తెరిచి ఉంచితే ద్రవమంతా జారిపోయి, గట్టిది అడుగున గుట్టగా పేరుకొని ఎండిపోతుంది. దాన్ని కదిలించడం తరువాత ఎవరి తరమూ కాదు. మన పెద్దవాళ్లు చెంబుతో నీళ్లు వాడతారు కనుక ఆ ట్యాంకులో ద్రవానికి కొదవ ఉండదు. అది మంచిదే, కాకపోతే తొందరగా నిండుతుంది.

వదిలే పద్ధతి: చేతికి పారేసే తొడుగులు వేసుకోండి. మూడంగుళాల మురుగు గొట్టం ఒక కొసను నేలలోని కంతకు, రెండో కొసను బండికి తగిలించి, కొక్కేలు పట్టేదాకా తిప్పండి. తిప్పాక ఒకసారి లాగి చూడాలి. ఊడివస్తే అప్పుడే రావాలి గాని తరువాత కాదు. ముందు బ్లాక్ కవాటం లాగండి. చప్పుడు తగ్గి సన్నని ధార అయ్యేదాకా ఆగి, మూసి, ఆ తరువాత గ్రే లాగండి. సబ్బునీళ్లు గొట్టాన్ని కడుక్కుంటూ పోతాయి కాబట్టి ఈ వరుస మార్చకూడదు. చివరకు బ్లాక్ ట్యాంకులోకి మందు వేసి, మూడు నాలుగు గ్యాలన్ల నీళ్లు పోయాలి. తాగేనీటి గొట్టం తెల్లగా ఉంటుంది, దాన్ని మురుగు గొట్టమున్న అరలో ఎన్నడూ పెట్టవద్దు. పార్కులో నీటి ఒత్తిడి ఎక్కువగా ఉండే చోట్లుంటాయి కనుక కొళాయి దగ్గర ఇత్తడి ప్రెషర్ రెగ్యులేటర్ ఒకటి బిగిస్తే బండి లోపలి పైపులు బతుకుతాయి.

వంట గురించి అమ్మగారికి ముందే చెప్పండి. తాలింపు నూనె, పప్పు గిన్నె అడుగు, చింతపండు పిప్పి, కరివేపాకు ఇవేవీ సింకులో పోకూడదు. నూనె పల్చని పైపుల్లో గడ్డకట్టి, మూడో రోజుకు బండంతా నిల్వ పులుసు వాసన వేస్తుంది. గిన్నెలను ముందు పేపరు టవలుతో తుడిచి, ఆ టవలు చెత్తలో వేసి, ఆ తరువాత కడగాలి. సింకులో మెత్తని జాలీ ఒకటి పెట్టుకోండి. బియ్యం కడిగిన నీళ్లు చెట్టుకు పోయడం మనకు పుణ్యం గాని జాతీయ పార్కులో నేరం. అవి కూడా సింకులోకో, క్యాంప్‌గ్రౌండ్‌లో అందుకే పెట్టిన చోటుకో పోవాలి.

ఓరుగల్లు

గోదారిగట్టు గారు వంట ప్రస్తావన తెచ్చారు కనుక దాని తరువాయి. ఫిషింగ్ బ్రిడ్జ్ సముద్రమట్టానికి దాదాపు 7,800 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 92 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు గంటసేపు ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది, అన్నం పైన మెత్తబడి లోపల బిరుసుగా ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. ప్రొపేన్ పొయ్యి మీద పెట్టే చిన్న కుక్కర్ తెచ్చుకుంటే కరెంటు బాధ కూడా ఉండదు; రెండు విజిళ్లు ఎక్కువ రానివ్వండి. బండిలో కిటికీలు తెరిచి, పైకప్పు ఫ్యాను వేసి తాలింపు పెట్టండి, లేకపోతే పొగ అలారం మోగుతుంది. ఎండుమిరపకాయలు వేయించే ముందు నాన్నగారిని బయట కుర్చీలో కూర్చోబెట్టడం మంచిది.

ఆరుబయట వండే వారికి ఎలుగుబంట్ల నియమాలు కఠినంగా ఉంటాయి. తిండి పదార్థాలే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె, వాసన వచ్చేది ఏదైనా సరే, వాడనప్పుడు గట్టి గోడల బండిలోనో, ఇనుప పెట్టెలోనో ఉండాలి. రాత్రి భోజనాల తరువాత ఊరగాయ సీసా బల్ల మీద మరిచిపోతే రేంజరు వచ్చి తీసుకుపోతారు. అది కూడా అదృష్టం బాగుంటే. ఫిషింగ్ బ్రిడ్జ్‌లో నెగడు వేయనివ్వరు. పిల్లలకు నెగడు సరదా తీరాలంటే వెస్ట్ ఎల్లోస్టోన్ మజిలీలో చూసుకోండి. కట్టెలు మాత్రం అక్కడికక్కడే కొనండి, చెట్లను తినే పురుగులు ఒక చోటి నుంచి మరో చోటికి కట్టెలతోనే ప్రయాణం చేస్తాయి.

కొల్లేరు (బోయిసీ, ఐడహో)

నేను ఇక్కడే దగ్గరలో ఉంటాను. ఎవరూ ఉచిత బసల గురించి చెప్పలేదు. నేషనల్ ఫారెస్ట్ భూముల్లో, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ భూముల్లో చాలా చోట్ల రుసుము లేకుండా బస చేయవచ్చు. బీఎల్ఎం భూముల్లో సాధారణంగా 28 రోజుల వ్యవధిలో 14 రోజుల దాకా ఉండనిస్తారు. కొన్ని వాల్‌మార్టుల పార్కింగ్‌లో కూడా మేనేజరు ఒప్పుకుంటే ఒక రాత్రి ఆగవచ్చు. నేనూ మా స్నేహితులూ అలాగే తిరుగుతాము. వంద డాలర్లు పోసి పక్క బండికి పది అడుగుల దూరంలో పడుకోవడం నాకు అర్థం కాదు.

కృష్ణలంక

కొల్లేరు గారూ, మీ వయసులో నేనూ అలాగే అనేవాడిని. అక్కడ నీళ్లుండవు, చెత్తకుండీ ఉండదు, ఫోను సిగ్నల్ కూడా చాలా చోట్ల ఉండదు. నాన్నగారి యంత్రం రాత్రంతా నడవాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇద్దరే వెళ్లేవారికి మీ సలహా బంగారం; ఈ కుటుంబానికి పనికిరాదు. వాల్‌మార్టు అయితే ముందు ఫోను చేసి అడగనిదే వెళ్లవద్దు, కొన్ని ఊళ్లలో స్థానిక చట్టమే ఒప్పుకోదు.

మంజీర (చికాగో)

ఇంతమంది ఇన్ని చెప్పారు గాని ఇరుగుపొరుగు సంగతి ఎవరూ ఎత్తలేదు. జాతీయ పార్కుల క్యాంప్‌గ్రౌండ్లలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్ద వేళలు. చాలా చోట్ల ఒక స్థలానికి ఆరుగురే పరిమితి, పిల్లలతో కలిపి. మీరు ఆరుగురే కనుక సరిపోయింది. మనవాళ్లు నాలుగు కుటుంబాలు కలిసి వచ్చి, ఒకే స్థలంలో కుర్చీలన్నీ వేసి, పదకొండింటి దాకా అంత్యాక్షరి పాడుతుంటే పక్కవాళ్లు రేంజరును పిలిచిన సందర్భాలు చూశాను, పిలవడం న్యాయమే. అంతమంది వెళ్లాలనుకునేవారు గ్రూపు సైట్లు బుక్ చేసుకోవాలి. ఇతరుల స్థలాల మధ్య నుంచి అడ్డంగా నడిచి స్నానాల గదులకు పోవడం కూడా ఇక్కడ మర్యాద కాదు. పెద్దవాళ్లకు ఆ సంగతి తెలియదు కనుక మొదటి రోజే మెల్లగా చెప్పండి.

ఇంకొకటి. 2026 జనవరి నుంచి జాతీయ పార్కుల ప్రవేశానికి వార్షిక పాసు ధర అమెరికా నివాసులకు 80 డాలర్లు, ఇతరులకు 250 డాలర్లు. ఎల్లోస్టోన్, టీటాన్ సహా 11 పార్కుల్లో వార్షిక పాసు లేని, 16 ఏళ్లు నిండిన విదేశీ సందర్శకులకు తలకు 100 డాలర్ల అదనపు రుసుము కూడా పెట్టారు. మీ అమ్మానాన్నలు సందర్శక వీసా మీద వస్తున్నారు కాబట్టి, ఏ పాసు ఎవరి పేర కొనాలన్నది పార్కు వెబ్‌సైటులో చదివి, గుర్తింపు కార్డులు దగ్గర పెట్టుకొని వెళ్లండి.

పెన్నాతీరం

ఇంత వివరంగా రాసినందుకు మా నాన్నగారు అందరికీ ఆశీస్సులు చెప్పమన్నారు. కోల్టర్ బేకి, ఫిషింగ్ బ్రిడ్జ్‌కు తేదీలు చూడడం మొదలుపెట్టాము. వెస్ట్ ఎల్లోస్టోన్‌లో పుల్ త్రూ స్థలం ఒకటి బుక్ చేశాము. చివరి ప్రశ్న. సాల్ట్ లేక్ నుంచి టీటాన్‌కు ఏ దారి మంచిది? మా తమ్ముడు ఇంకో మూడు రోజులు కలిపి పైన మోంటానాలోని గ్లేషియర్ పార్కు కూడా చూసిరమ్మంటున్నాడు, అదే ఆర్వీతో వీలవుతుందా?

నల్లమల

మ్యాపు మిమ్మల్ని విక్టర్ ఊరి మీదుగా టీటాన్ పాస్ ఎక్కించాలని చూస్తే ఒప్పుకోవద్దు. ఆ కనుమలో వాలు 10 శాతం. కొత్త చేతికి, నిండు బండికి అది తగదు. లోగన్, బేర్ లేక్, ఆల్పైన్ మీదుగా 89వ నంబరు రహదారిలో వస్తే స్నేక్ నది పక్కనే హాయిగా టీటాన్ పక్కనున్న జాక్సన్ ఊరు చేరుతారు. ఓరుగల్లు గారు చెప్పిన గార్డెన్ సిటీ మజిలీ కూడా ఆ దారిలోనే పడుతుంది.

గ్లేషియర్ దాకా ఆర్వీ వెళుతుంది గాని అసలు చూడవలసిన గోయింగ్ టు ద సన్ రోడ్డు మీదికి వెళ్లదు. అవలాంచ్ క్యాంప్‌గ్రౌండ్‌కూ రైజింగ్ సన్‌కూ మధ్య 21 అడుగులకు మించిన పొడవు, అద్దాలతో కలిపి 8 అడుగులకు మించిన వెడల్పు ఉన్న బండ్లను రానివ్వరు. కొండచరియ రోడ్డు మీదికి వంగి ఉంటుంది కనుక 10 అడుగుల ఎత్తు దాటినవి కూడా ఇబ్బంది పడతాయి. మీ బండి మూడింటిలోనూ పెద్దదే. వెస్ట్ గ్లేషియర్ దగ్గర ప్రైవేటు ఆర్వీ పార్కులో దాన్ని ఉంచి, ఎర్ర బస్సుల్లో సీట్లు ముందుగా తీసుకోండి. 1930లలో తయారైన ఆ బస్సుల పైకప్పు గుడ్డను వెనక్కి చుట్టేస్తారు, డ్రైవరే కథలు చెబుతూ లోగన్ పాస్ అనే కనుమ దాకా తీసుకువెళతారు. అయితే వెస్ట్ ఎల్లోస్టోన్ నుంచి అక్కడికి ఒక పూర్తి రోజు ప్రయాణం, తిరిగి సాల్ట్ లేక్ రావడానికి మరో రోజున్నర పడుతుంది. మూడు రోజులు కలిపితే చూడడానికి మిగిలేది ఒక్క పూటే కాబట్టి తమ్ముడి మాట ఈసారికి వాయిదా వేసి, ఆ మూడు రోజులూ ఫిషింగ్ బ్రిడ్జ్‌లో దొరికితే అక్కడే కలపండి.